పి.ఎల్.సి. సాఫ్ట్‌వేరు మూతపడుతుంటే ముందుగా చేయవలసినవి

హోసూరు, బళ్లారి, రాయగడ వంటి చోట్ల కర్మాగారాలలో మన సరిహద్దు గ్రామాల యువకులు ఐ.టి.ఐ., డిప్లొమా చదువులతో మెయింటెనెన్సు పనులలో చేరుతున్నారు. మావాడు లాప్‌టాప్ పట్టుకొని మిషను దగ్గర కూర్చుంటాడని ఇంటివారు చెప్పుకొంటారే గాని, ఆ పని ఏమిటో చాలామందికి తెలియదు. రాత్రి షిఫ్టులో యంత్రం మొరాయించినపుడు, దానిని సరిచేయవలసిన సాఫ్ట్‌వేరు కూడా లాప్‌టాప్‌లో పదేపదే మూతపడితే కుర్రవాడు కంగారు పడడం సహజం. అయితే అసలు లోపం కంటే ఆ కంగారులో చేసే పనుల వల్లనే ఎక్కువ నష్టం వాటిల్లుతుంది. ఉద్యోగానికి ముప్పు వచ్చేదీ అప్పుడే. కనుక ఈ విషయమై కొన్ని మెలకువలను క్రమంగా తెలుసుకుందాం.

యంత్రాన్ని నడిపేది లాప్‌టాప్ కాదు

యంత్రాన్ని నడిపేది ప్యానెల్ లోపల ఉండే పి.ఎల్.సి., అనగా ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలరు. రిలేలతో నిండిన పెద్ద ప్యానెళ్లకు బదులుగా తేలికగా మార్చుకోగల సాధనం కావాలని 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ కోరగా, ఆ అవసరం నుండి మోడికాన్ 084 అనే తొలితరం కంట్రోలరు పుట్టింది. అప్పటి నుండి ఇప్పటి వరకు దాని పనితీరు ఒక్కటే. సెన్సర్ల నుండి, స్విచ్చుల నుండి సంకేతాలను చదువుతుంది. తనలోని ప్రోగ్రామును మొదటి నుండి చివరి వరకు నడుపుతుంది. మోటార్లకు, వాల్వులకు ఆజ్ఞలు పంపుతుంది. ఈ చక్రం సెకనులో అనేక పర్యాయాలు తిరుగుతూనే ఉంటుంది.

లాప్‌టాప్ కేవలం ఆ ప్రోగ్రామును రాయడానికి, చూడడానికి, మార్చడానికి ఉపయోగపడే పనిముట్టు. అందువలన లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేరు మూతపడినంత మాత్రాన యంత్రం ఆగదు, అందులోని ప్రోగ్రాము చెరిగిపోదు. ప్రోగ్రామును ఎక్కిస్తూ ఉండగా మూతపడితే మాత్రం కంట్రోలరు స్టాప్ స్థితిలో నిలిచిపోవచ్చు. కాబట్టి మొట్టమొదట కంట్రోలరు మీద రన్ దీపం వెలుగుతున్నదో లేదో చూడాలి. వెలుగుతున్నట్లయితే తొందరపడవలసిన పని లేదు.

చేయకూడని మూడు పనులు

మొదటిది, లాప్‌టాప్‌ను ఫార్మాటు చేయడం. సీమెన్స్ స్టెప్ 7 వంటి సాఫ్ట్‌వేర్లలో లైసెన్సు కీ హార్డ్ డిస్కులోనే దాగి ఉంటుంది. ఫార్మాటు చేస్తే అది కూడా పోతుంది. ముందుగా లైసెన్సు మేనేజరు ద్వారా దానిని పెన్ డ్రైవుకు తరలించుకోవాలి.

రెండవది, చేతికి దొరికిన పాత ప్రాజెక్టును యంత్రంలోకి డౌన్‌లోడు చేయడం. ఆరు నెలల క్రితం ఎవరో టైమరు విలువను మార్చారనుకోండి, ఒక రక్షణ స్విచ్చును ప్రోగ్రాములో చేర్చారనుకోండి. పాత ప్రాజెక్టు ఎక్కగానే ఆ మార్పులన్నీ మాయమవుతాయి. ప్రెస్సు వద్ద నిలబడిన మనిషి చేతికి ప్రమాదం వచ్చేది ఇటువంటి పొరపాటు వల్లనే. డౌన్‌లోడు చేసేటపుడు కంట్రోలరు ఆగవచ్చు కనుక సూపర్‌వైజరుకు చెప్పకుండా, యంత్రం వద్ద మనుషులు లేరని చూసుకోకుండా ఆ మీట నొక్కరాదు.

మూడవది, ప్రాజెక్టు ఫోల్డరుకు నకలు తీయకుండానే మరమ్మతు ప్రారంభించడం. ఎస్7-300 కంట్రోలరు నుండి ప్రోగ్రామును తిరిగి అప్‌లోడు చేసుకోవచ్చు గాని, పేర్లూ వివరణలూ దానితో రావు. అవి ప్రాజెక్టు ఫైలులోనే ఉంటాయి. అవి పోతే ఏ తీగ ఏ మోటారుదో మరల మొదటి నుండి వెదకవలసి వస్తుంది.

లోపం ఎక్కడున్నదో తేల్చుకునే క్రమం

ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. చేసిన ప్రతి పనినీ నోటు పుస్తకంలో వేళతో సహా రాసుకోవాలి.

1. కేబులు తీసివేసి సాఫ్ట్‌వేరును తెరవండి. అప్పుడు మూతపడకుంటే అనుమానం కేబులు మీదికీ దాని డ్రైవరు మీదికీ పోతుంది. యు.ఎస్.బి. నుండి సీరియలుకు మార్చే చౌకరకం కన్వర్టర్లలో నకిలీ చిప్పులు ఎక్కువ. 2014లో ఎఫ్.టి.డి.ఐ. సంస్థ విడుదల చేసిన డ్రైవరు విండోస్ అప్‌డేటు ద్వారా వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేసింది. అవి ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. నాణ్యమైన కేబులుకు పెట్టిన ఖర్చు వృథా కాదు.

2. కేబులు లేకున్నా మూతపడితే వేరొక ప్రాజెక్టును తెరవండి. అది సవ్యంగా తెరుచుకుంటే దెబ్బతిన్నది ప్రాజెక్టు ఫైలే. ఆర్ఎస్‌లాజిక్స్ 500 తానుగా బ్యాకప్ ఫైళ్లను దాచి ఉంచుతుంది. వాటిలో ఇటీవలిదానిని తెరచి చూడవచ్చు. స్టెప్ 7లో ప్రాజెక్టును ఆర్కైవు చేసి మరల విప్పడం, రీఆర్గనైజు చేయడం వల్ల కొన్ని లోపాలు తొలగుతాయి. ఈ ప్రయత్నాలన్నీ నకలు మీదనే చేయాలి.

3. ప్రాజెక్టు ఏ చోట ఉన్నదో చూడండి. పెన్ డ్రైవు నుండి గాని, ఇంటర్నెట్‌తో సరిచూసుకునే వన్‌డ్రైవ్ ఫోల్డరు నుండి గాని నేరుగా తెరవవద్దు. సాఫ్ట్‌వేరు రాస్తున్న సమయంలోనే ఫైలును మరొకటి పట్టుకొని ఉంటే చిక్కు వస్తుంది. హార్డ్ డిస్కులో చిన్న పేరు గల ఫోల్డరులో ఉంచండి. మన ప్రాంతంలో ఫోల్డర్లకు తెలుగు, తమిళ, కన్నడ లిపులలో పేర్లు పెట్టే అలవాటు కొందరికి ఉన్నది. పాత సాఫ్ట్‌వేర్లు ఆ లిపులను చదువలేవు. ఇంగ్లీషు అక్షరాలతో, ఖాళీలు లేకుండా పేరు పెట్టడం మేలు.

4. ఏ ప్రాజెక్టును తెరిచినా మూతపడుతుంటే లోపం సాఫ్ట్‌వేరులోనో విండోసులోనో ఉన్నట్లు. యాంటీవైరసు ఏదైనా ఫైలును తొలగించి క్వారంటైనులో పెట్టిందేమో చూడండి. డిస్కులో చోటు, ర్యామ్ చాలినంత ఉన్నాయో చూడండి. టి.ఐ.ఎ. పోర్టల్ ఇటీవలి వెర్షన్లకు 16 జీబీ ర్యామ్ ఉండడం మంచిది.

విండోసు రాసిపెట్టే దినచర్య

సాఫ్ట్‌వేరు మూతపడిన ప్రతిసారీ విండోసు ఆ సంగతిని సాధారణంగా రాసిపెడుతుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్‌ను తెరచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అన్న భాగానికి పోవాలి. ఎర్రగుర్తుతో 1000 అనే సంఖ్య గల నమోదును తెరిస్తే ఫాల్టింగ్ మాడ్యూల్ అన్న చోట ఒక ఫైలు పేరు కనబడుతుంది. ప్రతిసారీ అదే పేరు వస్తున్నదా అన్నది ముఖ్యం. అది గ్రాఫిక్స్ డ్రైవరుకు చెందినదైతే ఆ డ్రైవరును మార్చి చూడాలి. ఎన్‌టి-డి.ఎల్.ఎల్. అని ఉంటే మాత్రం విండోసును నిందించవద్దు. ఇతరుల తప్పు చివరకు అక్కడ బయటపడడం మామూలే. రిలయబిలిటీ హిస్టరీ అనే మరొక తెరలో ఏ తేదీన ఏ అప్‌డేటు చేరిందో, ఏ తేదీ నుండి మూతపడడం మొదలైందో పక్కపక్కనే చూడవచ్చు. సాఫ్ట్‌వేరు సంస్థ సహాయకేంద్రానికి ఫోను చేసేటపుడు ఈ వివరాలు చెబితే సమాధానం త్వరగా దొరుకుతుంది.

పాత సాఫ్ట్‌వేరు, కొత్త లాప్‌టాప్

యంత్రాలు ఇరవై ఏళ్లు నడుస్తాయి. విండోసు అంతకాలం నిలవదు. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. స్టెప్ 7 సాఫ్ట్‌వేరులో 5.5 వెర్షను ఎక్స్‌పి, విండోస్ 7 కాలానికి చెందినది. దుకాణంలో కొన్న లాప్‌టాప్‌లో తరచుగా ఉండే హోమ్ ఎడిషనుకు అది తగదు, ప్రొఫెషనల్ ఉండాలి. అటువంటప్పుడు కొత్త లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ ఏర్పరచి, దాని లోపల పాత విండోసునూ పాత సాఫ్ట్‌వేరునూ ఉంచి, దానికి ఇంటర్నెట్ తగిలించకుండా వాడుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. అది ఒకే ఫోల్డరులో ఇమిడి ఉంటుంది గనుక సవ్యంగా ఉన్నపుడే నకలు తీసిపెట్టుకోవచ్చు.

దొంగ కాపీల సంగతి

లైసెన్సు ఖరీదు ఎక్కువని కొందరు దొంగ కాపీలు వాడుతున్నారు. లైసెన్సును దాటించడానికి ఫైళ్లను మార్చిన చోటనే సాఫ్ట్‌వేరు మూతపడితే ఎవరూ సహాయం చేయరు. పైగా వైరసు భయం ఉండనే ఉన్నది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరసు పెన్ డ్రైవుల ద్వారా వ్యాపించి స్టెప్ 7లోకే చొరబడింది. కంట్రోలరులోని ప్రోగ్రామును మార్చివేసి, ఆ మార్పు ఇంజనీరు కంటికి కనబడకుండా దాచింది. లైసెన్సు గల సాఫ్ట్‌వేరును యాజమాన్యమే సమకూర్చాలి. ఆ మాట అడగడానికి కుర్రవాళ్లు సంకోచించరాదు.

ఇంటివారికి ఒక మాట

ఆ లాప్‌టాప్ మీ అబ్బాయికో అమ్మాయికో మేస్త్రీ చేతిలోని తాపీ వంటిది. పండుగకు ఇంటికి తెచ్చినపుడు పిల్లల ఆటలకు, సినిమాల పెన్ డ్రైవులకు దానిని ఇవ్వవద్దు. రాత్రి వేళ ఫోను చేసి మిషను ఆగిపోయిందని చెబితే ధైర్యం చెప్పండి. రన్ దీపం చూశావా, నకలు తీశావా అని రెండు ప్రశ్నలు అడగండి. ఆ రెంటికీ అవునన్న సమాధానం వస్తే మిగిలిన పని తెల్లవారిన తరువాత సీనియర్ల సలహాతో చేసుకోవచ్చు.