పిల్లలకు అవయవ మార్పిడి: పాలమూరు, నల్లగొండ కుటుంబాలకు ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

అవయవ మార్పిడి అనగానే మనకు గుర్తొచ్చేది ఆపరేషన్ థియేటర్, గ్రీన్ చానల్, అంబులెన్సు. పిల్లల విషయంలో అసలు తేడా అంతకు చాలా ముందే మొదలవుతుంది. జబ్బును ఎప్పుడు గుర్తించారు, ఎవరు ఎక్కడికి పంపారు, జాబితాలో పేరు ఎప్పుడు పడింది అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల కుటుంబాలకు ఈ దారిలో ఏ మలుపులు ఉన్నాయో, మీరు ఏం చేయొచ్చో చూద్దాం.

పిల్లలకు తొందర ఎందుకు?

పెద్దవాళ్లు డయాలసిస్‌పై ఏళ్లు గడపగలరు. పిల్లల విషయం వేరు. కిడ్నీ పనిచేయకపోతే ఎత్తు పెరగదు, ఎముకలు బలహీనపడతాయి, బడి ఆగిపోతుంది. పోయిన ఎదుగుదల మొత్తం తర్వాత తిరిగి రాదు. పైగా జిల్లా కేంద్రాల్లోని డయాలసిస్ యంత్రాలు ప్రధానంగా పెద్దవాళ్ల కోసం ఏర్పాటు చేసినవి. చిన్న పిల్లలకు చిన్న డయలైజర్లు, సన్నని గొట్టాలు, పిల్లల కిడ్నీ వైద్యులు కావాలి. అందుకే చాలామంది హైదరాబాద్ వెళ్లాల్సి వస్తుంది.

కాలేయం విషయంలో గడువు ఇంకా తక్కువ. పుట్టుకతో పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు, అంటే బిలియరీ అట్రీషియా ఉన్న శిశువుకు కసాయి అనే ఆపరేషన్ చేస్తారు. పుట్టిన 60 రోజుల్లోపు చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఆలస్యమైతే కాలేయ మార్పిడి తప్ప మరో దారి మిగలకపోవచ్చు. శిశువుకు రెండు వారాలు దాటినా పచ్చకామెర్లు తగ్గకపోతే, విరోచనం సున్నం రంగులో తెల్లగా వస్తుంటే పసరు మందు కోసం తిరగకండి. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించండి.

కిడ్నీ జబ్బుకూ ముందస్తు గుర్తులు ఉంటాయి. మగబిడ్డకు మూత్రం ధారగా రాకుండా బొట్లుబొట్లుగా పడటం, కారణం లేకుండా మళ్లీమళ్లీ జ్వరం రావడం, ముఖం ఉబ్బడం, తోటి పిల్లలంత ఎత్తు పెరగకపోవడం అలాంటివే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. పనుల కోసం ముంబై, పుణె వలస వెళ్లే పాలమూరు కుటుంబాల పిల్లలు ఆ రోజు ఊళ్లో లేకపోతే పరీక్ష తప్పిపోతుంది. తిరిగొచ్చాక అంగన్‌వాడీ టీచరును లేదా ఆశా కార్యకర్తను మీరే అడగండి.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ఆరోగ్యశ్రీ మొదట అమలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2007 ఏప్రిల్ 1న అక్కడ మొదలై, అదే ఏడాది తర్వాతి విడతలో నల్లగొండకు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరులో పథకం పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. అవయవ మార్పిడితో పాటు, కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా జీవితాంతం వాడాల్సిన మందులూ పథకంలో ఉన్నాయి. ప్రభుత్వ రంగంలో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో మార్పిడి జరుగుతోంది. 2024లో ఉస్మానియా వైద్యులు మూడేళ్ల పిల్లవాడికి తల్లి కాలేయంలోని భాగాన్ని అమర్చారు.

పథకం భరించని ఖర్చులు కూడా ఉన్నాయి. మహబూబ్‌నగర్ నుంచైనా, నల్లగొండ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. దేవరకొండ తండాలు, అచ్చంపేట అడవి పల్లెల నుంచి దూరం ఇంకా ఎక్కువ. మహాలక్ష్మి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తల్లికి టికెట్ లేదు. కానీ తండ్రి కూలి పోతుంది, గది అద్దె, తిండి ఖర్చు ఉంటాయి. మార్పిడి తర్వాత మొదటి నెలల్లో తరచూ రక్త పరీక్షలకు రావాలి. రాలేకపోతే మందు మోతాదు తప్పుతుంది, అమర్చిన అవయవమే ప్రమాదంలో పడుతుంది.

అవయవం ఎవరు ఇవ్వొచ్చు?

చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య లేదా భర్త, పిల్లలు. 2011 సవరణ ఈ జాబితాలో తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు, మనవళ్లు, మనవరాళ్లను చేర్చింది. తెలంగాణ ఈ సవరణను 2025లో స్వీకరించింది. మేనమామ, బాబాయి, పిన్ని ఈ జాబితాలో లేరు. వాళ్లు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. 18 ఏళ్లు నిండని అన్న, అక్క దాతలు కాలేరు. బ్లడ్ గ్రూపు కలవకపోతే అదే సమస్య ఉన్న మరో కుటుంబంతో దాతలను మార్చుకునే స్వాప్ పద్ధతికి కూడా చట్టంలో చోటుంది.

ఇంట్లో దాత లేకపోతే జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్ డెడ్ దాత అవయవం కోసం ఎదురుచూడాలి. కుటుంబం నేరుగా నమోదు చేసుకోలేదు. గుర్తింపు ఉన్న ఆసుపత్రే చేయాలి. నమోదు అయిందని నోటిమాటతో ఊరుకోకుండా రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకోండి.

వరుసలో పిల్లలకు ముందు చోటు ఉందా?

జాతీయ సంస్థ నోటో కిడ్నీ మార్గదర్శకాల్లో డయాలసిస్‌పై గడిచిన ప్రతి నెలకు ఒక మార్కు ఉంది. వయసుకు అదనంగా ఆరేళ్లలోపు పిల్లలకు 3, పన్నెండేళ్లలోపు వారికి 2, పద్దెనిమిదేళ్లలోపు వారికి 1 ఇస్తారు. లెక్క చూడండి. మూడు నెలలుగా డయాలసిస్‌పై ఉన్న అయిదేళ్ల పాపకు ఈ రెండింటిలో కలిపి 6 మార్కులు. మూడేళ్లుగా ఉన్న పెద్దాయనకు 36. చిన్న వయసు దాతల అవయవాలను పిల్లలకే ముందు ఇచ్చే పద్ధతి చాలా చోట్ల ఉన్నా, అలాంటి దాతలు తక్కువ. రాష్ట్రాలు తమ సొంత నిబంధనలూ పాటిస్తాయి కాబట్టి, మీ పిల్లల మార్కులు ఎలా లెక్కించారో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను అడగొచ్చు.

అమెరికా 2005లో నిబంధన మార్చి, 35 ఏళ్లలోపు దాతల కిడ్నీలను పిల్లలకు ముందుగా ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లల నిరీక్షణ తగ్గింది. అదే సమయంలో తల్లిదండ్రులు దానం చేసే కిడ్నీలు తగ్గాయని పరిశోధకులు గమనించారు. ఒక్క నిబంధనతో సమస్య తీరదని, ప్రతి మార్పు తర్వాత లెక్కలు చూడాలని ఆ అనుభవం చెబుతోంది.

మన దగ్గర చూడాల్సిన లెక్క

నోటో వివరాల ప్రకారం 1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన 36,640 మార్పిడుల్లో స్త్రీలకు అందినవి 6,945. ఇది అన్ని వయసుల లెక్క. ఇంట్లో ఆడపిల్లకు జబ్బు చేసినప్పుడు కూడా అదే వేగంతో కదులుతున్నామా అని ప్రతి కుటుంబం ఆలోచించాల్సిన అంకె ఇది.

ఎన్ని ఆపరేషన్లు జరిగాయన్నది సగం లెక్కే. ఏ మండలం పిల్లలు జాబితా దాకా చేరలేదు, ఎంత ఆలస్యంగా వచ్చారు, అయిదేళ్ల తర్వాత ఎందరి అవయవం పనిచేస్తోంది అన్నది మిగతా సగం. వయసు, లింగం, జిల్లా వారీగా ఆ వివరాలు బయటికి వస్తేనే డబ్బు, డాక్టర్లు ఎక్కడ పెట్టాలో ప్రభుత్వానికి తెలుస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సినవి

• పరీక్షల కాగితాలన్నీ తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టండి.

• పథకం వివరాలకు 104కు ఫోన్ చేయండి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

• మార్పిడికి ముందే వేయాల్సిన టీకాలు ఏమున్నాయో అడగండి. కొన్నింటిని తర్వాత వేయకూడదు.

• వలస వెళ్లాల్సి వస్తే ముందే డాక్టరుకు చెప్పి, మందులు, రక్త పరీక్షలు అక్కడ ఎలా కొనసాగించాలో రాయించుకోండి.

• మందు ఒక్క పూట కూడా సొంతంగా ఆపకండి. పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఆ మందు ఎందుకో మీరే కూర్చోబెట్టి చెప్పండి. మందులు మానేసే ముప్పు ఆ వయసులోనే ఎక్కువ.