మీకు తెలుసా? కోడిపిల్లను గద్ద నుంచి కాచేది పొద చాటు
గద్ద కనబడగానే పెట్ట తల పక్కకు వాల్చి, ఒంటికన్నుతో పైకి చూసి ఒక కేక వేస్తుంది. పిల్లినో కుక్కనో చూసినప్పటి అరుపు వేరు, ఇది వేరు. వినగానే పిల్లలు చాటుకు పరుగెడతాయి. ఆ చాటే లేకపోతే కేక వృథా. నాటుకోడి పూర్వీకులు అడవికోళ్లు, పొదల కింద తిరిగే పక్షులు. వాటి సంతతిని ఊడ్చినట్టున్న బోడి పెరట్లో వదలడం గద్దకు విస్తరి వేయడమే. మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు వేలాడదీస్తే గద్ద నాలుగు రోజులు బెదురుతుంది, ఆపై అలవాటు పడుతుంది. దిష్టిబొమ్మదీ అదే గతి. గుబురుగా పెరిగిన గోరింట పొద మాత్రం ఏడాది పొడవునా పనిచేస్తుంది.

మరి పొద దాకా పరుగెత్తలేని పసిపిల్లల మాటేమిటి అంటారా? న్యాయమైన ప్రశ్నే. గద్దలు, డేగలు ఎక్కువగా తన్నుకుపోయేది వాటినే. అందుకే తొలి ఆరు వారాలు గంప కింద, లేదా పైన వల కట్టిన దొడ్డిలో పెంచాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందించిన వనరాజా అనే పెరటికోడి రకం పిల్లలకూ ఈ తొలిదశ పెంపకాన్నే సిఫార్సు చేస్తారు. మూసిపెడితే అది పెరటికోడి ఎలా అవుతుందని కొందరి అభ్యంతరం. ఆరు వారాలేగా, ఆ తర్వాత దాని ఇష్టం! గద్దనే చంపేస్తే పోలేదా అనే వాళ్లూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా ఎలుకలను తినేదీ ఆ గద్దే. ఒకటి పోయినా ఆ చోటికి ఇంకోటి వస్తుంది. ఈ వానాకాలం దొడ్డి చుట్టూ నాలుగు పొదలు నాటండి.