ఆషాఢంలో మడక, మాఘంలో తాపీ

పెద్దపంజాణి: ఆషాఢ మాసంలో ఎవరూ ఇంటికి పునాది వేయరు. పదును వాన పడితే చెనక్కాయ విత్తడానికి అదే అదను. సగం సేద్యం, సగం బేల్దారి పనిగా బతికే మేస్త్రీకి ఈ రెండూ కలిసివచ్చే సంగతులు. ఆ నెలలో తాపీ మూలన పెట్టి చేలోకి దిగుతాడు. కార్తీకానికి కాయలు ఇల్లు చేరతాయి. మాఘంలో ముహూర్తాలు మొదలైతే మళ్లీ తాపీ పడతాడు.

పుంగనూరు, పలమనేరుల మధ్యనున్న ఈ మెట్ట పల్లెల్లో వానను నమ్ముకుని చేసే సేద్యంతోనే ఏడాదంతా గడవడం కష్టం. బేల్దారి కూలి విత్తనాలకు, ఎరువులకు ఆసరా అవుతుంది. కొందరు ములబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరు చేరి పూర్తిగా మేస్త్రీలైపోతారు. ఊళ్లోనే వుండేవారికి ఈ సగం పని వల్లనే చేను, ఆవు రెండూ నిలుస్తాయి.

సగం రోజులే, సగం పనితనం కాదు

ఏడాదిలో కొన్ని నెలలే చేసినంత మాత్రాన పనితనం తక్కువని కాదు. ముందు ఇసుక జల్లించాలి, మాలు కలపాలి, తట్ట అందించాలి. తాపీ చేతికి వచ్చేది ఆ తరువాతే. దారానికి కట్టిన గుండు వదిలి గోడ నిలువు చూడడం, రసమట్టంతో వరుస చూడడం కంటికి, చేతికి అలవాటు కావాలి. ఇటుకను తడిపి కట్టకపోతే అది మాలులోని తడిని పీల్చేస్తుంది. నీళ్లు కలిపిన సిమెంటు మాలును అరగంట లోపల వాడుకోవడం మంచిది. గట్టిపడిన మాలుకు మళ్లీ నీళ్లు పోసి వాడితే గోడకు బలం వుండదు.

వేసవిలో కట్టిన గోడకు కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి. మేస్త్రీ చేలో వున్న రోజున ఆ బాధ్యత ఇంటి యజమానిదే.

అడిగితే 'రైతు' అంటాడు

చిక్కు మరోచోట వున్నది. పాసు పుస్తకంలో అతడు రైతు. ఎవరైనా అడిగితే తానూ 'సేద్యం' అనే చెబుతాడు. బేల్దారి కార్మికుల సదుపాయాలు ఏడాది పొడవునా ఆ పనిలో వుండేవారికేనని అనుకుంటాడు. అది సరి కాదు.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం 18 ఏళ్లు నిండి 60 దాటనివారు, గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు ఈ పని చేసివుంటే సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చని చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే 90 రోజుల లెక్క వున్నది. ప్రమాద సాయం, వైద్య ఖర్చు, పిల్లల చదువు, ప్రసూతి సాయం, 60 ఏళ్ల తరువాత పింఛను వంటివి ఇందుకోసం చట్టం చెప్పిన పనులు. కట్టడాల ఖర్చుపై వసూలు చేసే సెస్సు నుంచే ఈ నిధి సమకూరుతుంది.

మాఘం నుంచి వైశాఖం దాకా నాలుగు నెలలు. వారానికి అయిదారు రోజులు పని దొరికితే 90 దాటుతుంది. అయితే ఆ లెక్క ఎక్కడా వుండదు. కూలి చేతికి అందగానే ఆ రోజు చెరిగిపోయినట్టే. పరంజా మీద నుంచి కాలు జారిన నాడు మాత్రం అదే లెక్క కావలసివస్తుంది. కాలు విరిగితే కూలితో పాటు ఆ ఏటి సేద్యమూ ఆగిపోతుంది.

పనిముట్లకు సాయం

2023 సెప్టెంబర్ 17న కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీ పని ఒకటి. అర్హులకు శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, తొలి విడతగా లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు అందులోని అంశాలు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్లో చేయాలి. తొలి పరిశీలన గ్రామ పంచాయతీలో జరుగుతుంది.

వీటన్నిటికీ ముందు కావలసింది ఒక చిన్న నోటుపుస్తకం. తేదీ, ఇంటివారి పేరు, చేసిన పని, తీసుకున్న కూలి ఏ రోజుది ఆ రోజే రాసి, పని ముగిశాక ఇంటివారి సంతకం తీసుకుంటే చాలు. పాలు పోసిన లెక్క రోజూ రాసే ఇంట్లో ఇదేమంత పెద్ద పని కాదు.