పేరెరుగని మొక్కలు

నగరంలో ఒక ఉద్యానం ఆలనాపాలనా లేక పాడుపడినంత మాత్రాన అది శూన్యంగా మిగిలిపోదు. తోటమాలి నాటిన గులాబీలు, క్రోటనులు ఎండిపోయిన చోట ఎవరూ నాటని మొక్కలు తలయెత్తుతాయి. కొన్ని విత్తనాలను గాలి, కొన్నింటిని పక్షులు, మరికొన్నింటిని బాటసారుల బట్టలు అక్కడికి చేరుస్తాయి. చూపరులు వాటన్నింటినీ ‘పిచ్చిమొక్కలు’ అనే ఒక్క మాటతో తోసివేస్తారు. శుభ్రపరచే పేరిట పారలు, యంత్రాలు వచ్చిననాడు మందుమొక్క, విషపుమొక్క అనే భేదం లేక అన్నీ ఒకే కుప్పలో చేరుతాయి. ఏది ఉంచదగినదో, ఏది తొలగింపదగినదో తెలియాలంటే ముందుగా ఏది ఏమొక్కో తెలియాలి.

గుర్తింపునకు మొదటి మెట్టు పేరు కాదు, పరిశీలన. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నాయా? అంచులు నునుపుగా ఉన్నాయా, రంపపు పళ్ళవలె ఉన్నాయా? విరిగిన చోట పాలు కారుతున్నాయా? పువ్వు, కాయ ఏ తీరున ఉన్నాయి? ఎదురెదురు ఆకులు, పొడవైన కంకి, బట్టలకు అంటుకొనే గింజలు ఉంటే అది ఉత్తరేణి. సన్నని రెమ్మల అడుగున చిరుకాయలు వరుసగా వ్రేలాడుతూ ఉంటే అది నేల ఉసిరి. నేలబారుగా పెరిగే నానబాలు మొక్క విరిగితే పాలు కారుతాయి. నేల ఉసిరికి ఆ గుణం లేదు.

ఒక్క లక్షణాన్ని నమ్మి నిర్ణయానికి రావడం ప్రమాదకరం. వినాయకచవితి పత్రిలో చేరిన మాచిపత్రి ఆకులు చీలికలుగా ఉంటాయి. వయ్యారిభామ ఆకులూ అట్లే ఉంటాయి. కాని మాచిపత్రి ఆకు అడుగుభాగం బూడిదవన్నెతో ఉండి సువాసన వెదజల్లుతుంది. వయ్యారిభామ చిన్న తెల్లని పూలు పూస్తుంది. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ కలుపుమొక్కను 1950ల దశకంలో పుణె ప్రాంతంలో గుర్తించారు. దీని స్పర్శ చర్మవ్యాధికి, పుప్పొడి శ్వాసబాధకు కారణం కాగలదు. ఉమ్మెత్త గింజలైతే ప్రాణాంతకాలు. అందువల్ల తెలియని మొక్కను నలపరాదు, రుచి చూడరాదు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పూలు ఆకుల మొదళ్ళలో దాగి ఉండే గలిజేరు వేరు, పూలకాడలు పైకి సాగే అటికమామిడి వేరు. అయినా కొందరు రెండింటినీ గలిజేరు అనే పిలుస్తారు. ఇటువంటి చిక్కును తొలగించడానికే శాస్త్రీయ నామాలు ఉపకరిస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వెలువరించిన గ్రంథంతో మొక్కలకు రెండు పదాల నామకరణం స్థిరపడింది.

అంతమాత్రాన దేశీయ నామాలు నిరర్థకాలు కావు. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో సామర్లకోటలో తోట పెంచిన స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. ప్రజలు వాడే తెలుగు పేర్లను సేకరించాడు. 1795 నుండి వెలువడిన ఆయన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథంలో ఆ పేర్లకూ చోటు దక్కింది. విదేశీ పండితునికి దారి చూపినది ఈ నేల మీది సామాన్యుల జ్ఞానమే.

నేడు చరవాణితో తీసిన ఛాయాచిత్రం క్షణంలో ఒక పేరు చెబుతుంది. అది ఊహ మాత్రమే, తీర్పు కాదు. దానిని లక్షణాలతో సరిపోల్చాలి. తోటమాలిని, ఇంటి పెద్దలను, వృక్షశాస్త్రం ఎరిగినవారిని అడగాలి. వయ్యారిభామను పూతకు ముందే తొలగించడానికీ, నేల ఉసిరిని నిలుపుకోవడానికీ ఆ తెలివే ఆధారం. పేరు తెలిసిన మొక్కను మనిషి కారణం లేకుండా పెరికివేయడు.