దిగుటకు కష్టమైన విమానాశ్రయములు

ఆకాశమునకు ఎగురుట కన్న నేలకు దిగుటయే విమానమునకు కష్టమైన పని. సాధారణముగా విమానము 3 డిగ్రీల వాలున దిగును. అనగా 19 మీటర్లు ముందుకు సాగునప్పటికి ఒక మీటరు క్రిందికి వచ్చును. ఈ లెక్కన రన్‌వేకు 19 కిలోమీటర్ల దూరమున విమానము 1,000 మీటర్ల ఎత్తున ఉండవలెను. ఇట్లు తిన్నగా వచ్చుటకు కొండలు అడ్డుపడినచో చిక్కు మొదలగును.

హాంగ్‌కాంగులోని కైటాక్ విమానాశ్రయము ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన దాని రన్‌వేకు వెనుక కొండలుండెను. ఆ దిక్కునుండి వచ్చు విమానము మొదట ఒక కొండవైపే సాగెడిది. ఆ కొండపై చదరంగపు బల్లవలె రంగుల గళ్ళు వేయబడియుండెను. గళ్ళు కనబడిన పిమ్మట పైలట్ కంటిచూపుతోనే విమానమును కుడికి 47 డిగ్రీలు త్రిప్పి, ఇండ్ల కప్పుల మీదుగా రన్‌వేకు చేర్చవలసి వచ్చెడిది. ఈ దృశ్యము చూచుటకు విమాన ప్రియులు మేడలపై గుమిగూడెడివారు. 1998 జులైలో ఈ విమానాశ్రయము మూతపడెను.

కొన్నిచోట్ల గాలియే అడ్డంకి. మన దేశములోని లేహ్ విమానాశ్రయము సముద్ర మట్టమునకు సుమారు 3,250 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చటి గాలి సాంద్రత సముద్ర తీరమున ఉండు దానిలో సుమారు 72 శాతము మాత్రమే. పలుచని గాలిలో రెక్కలు అంతే బరువును మోయవలెనన్న విమానపు వేగము సుమారు 18 శాతము హెచ్చవలెను. గతిజ శక్తి వేగపు వర్గమును అనుసరించును గనుక, అది సుమారు 38 శాతము హెచ్చును. ఆ శక్తిని బ్రేకులు అణచవలెను.

గాలి వీచు దిక్కు కూడ ముఖ్యమే. గాలిలో గంటకు 260 కిలోమీటర్ల వేగముతో దిగు విమానమునకు 26 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నచో, నేలను తాకునప్పుడు దాని వేగము 234 మాత్రమే. అదే గాలి వెనుకనుండి వీచినచో 286. ఈ రెంటి గతిజ శక్తులను పోల్చినచో రెండవది మొదటిదానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లుండును.

2020 ఆగస్టు 7న కోళిక్కోడులో జరిగిన ప్రమాదము ఈ లెక్కలకు ఎంత విలువ గలదో చూపినది. అచ్చటి రన్‌వే బల్లవలె చదునుచేసిన గుట్టపై ఉన్నది. దాని చివర లోతైన పల్లము. వానలో, వెనుకగాలితో వచ్చిన విమానము 8,858 అడుగుల రన్‌వేపై 4,438 అడుగులు దాటిన తరువాత నేలను తాకెను. మిగిలిన దూరము చాలక పల్లములో పడగా 21 మంది మరణించిరి. దిగుట కుదుటగా లేనప్పుడు మానుకొని తిరిగి పైకెగురుట ఓటమి కాదు, అదియే నియమము.

ఇట్టి సంగతులను నేడు నేలపైనుండియే గమనింపవచ్చును. ఇప్పటి ప్రయాణీకుల విమానములు చాలవరకు తాము ఉన్న స్థానమును, ఎత్తును 1090 మెగాహెర్ట్జ్ రేడియో తరంగములపై మాటిమాటికి ప్రసారము చేయును. చిన్న గ్రాహక యంత్రముతో విమాన ప్రియులు వాటిని అందుకొని, మార్గమును పటముపై గీయుదురు. కోలగా చుట్లు తిరుగు విమానము బహుశః దిగుటకు తన వంతుకై వేచియుండును. నాగలి చాళ్ళవలె అటునిటు పోవునది నేలను సర్వే చేయుచుండవచ్చును. రన్‌వే దాక వచ్చి మరల పైకి లేచినచో, పైలట్ దిగుట మానుకొనెనని గ్రహింపవచ్చును.

ఆ పటమునుండి ఎత్తు, దూరము తీసికొని, ఎత్తులోనుండి విమానాశ్రయపు ఎత్తును తగ్గించి, దూరముచే భాగించినచో దిగు కోణపు టాంజెంటు వచ్చును. త్రికోణమితి పాఠమునకు ఇంతకన్న సజీవమైన లెక్క దొరకుట అరుదు.