బ్యాటరీ లెక్క మనమే చదువుకోవచ్చు

1882 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు థామస్ ఎడిసన్‌కు ఒక చిక్కు వచ్చిపడింది. ఎవరు ఎంత వాడుకున్నారో తెలిసేదెలా? ఆయన పెట్టించిన మీటరులో ముల్లూ లేదు, అంకెలూ లేవు. జింక్ సల్ఫేట్ ద్రావణం పోసిన గాజు సీసా, అందులో మునిగిన జింకు పలకలు, అంతే. వాడిన కరెంటులో అతి కొద్ది భాగాన్ని ఆ సీసా గుండా మళ్ళించేవారు. ఒక పలక కరుగుతూ ఉంటే ఇంకో పలక మీద జింకు పేరుకునేది. నెలకోసారి మనిషి వచ్చి పలకలు పట్టుకెళ్ళి తూకం వేసేవాడు. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ప్రవహిస్తే కరిగే జింకు సుమారు 1.22 గ్రాములు. అంతకు అర్ధశతాబ్దం ముందే మైకెల్ ఫారడే కనిపెట్టిన విద్యుద్విశ్లేషణ నియమమే ఈ లెక్కకు ఆధారం. చలికాలంలో ద్రావణం గడ్డకట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక బల్బు కూడా అమర్చారు. ఎంతో తెలివైన ఏర్పాటు. అయితే ఆ మీటరును ఇంటివాళ్ళు చదవలేరు. వచ్చిన బిల్లును నమ్మి కట్టడమే వాళ్ళ పని.

మన ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉన్న కొలమానం ఆ సీసాకు వారసురాలే. బ్యాటరీ ప్యాక్ లోపల, సెల్స్ పక్కనే, ఇంజనీర్లు ‘ఫ్యూయల్ గేజ్’ అని పిలిచే ఒక చిన్న చిప్ ఉంటుంది. కరెంటు వచ్చిపోయే దారిలో కొన్ని మిల్లీఓమ్‌ల నిరోధకం పెట్టి, దాని రెండు చివరల మధ్య వోల్టేజీ తేడాను ఈ చిప్ ఎడతెగకుండా కొలుస్తుంది. ఆ తేడాను బట్టి కరెంటెంతో తెలుస్తుంది. క్షణక్షణం కరెంటును కూడుకుంటూ పోతే మొత్తం ఎంత విద్యుదావేశం బయటికి పోయిందో, ఎంత లోపలికి వచ్చిందో తేలుతుంది. దీన్నే కూలంబ్ కౌంటింగ్ అంటారు.

ఇంత కష్టపడకుండా నేరుగా వోల్టేజీ చూసి చెప్పేయకూడదా అనిపిస్తుంది. 1991లో సోనీ కంపెనీ బజారులోకి తెచ్చిన లిథియం అయాన్ సెల్ స్వభావం అందుకు ఒప్పుకోదు. నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు చూపించే సెల్, మధ్యలో చాలాసేపు 3.7 వోల్టుల చుట్టుపక్కలే తిరుగుతుంది. పైగా ప్రాసెసర్ మీద భారం పెరిగిన క్షణంలో వోల్టేజీ దిగి, భారం తగ్గగానే మళ్ళీ లేస్తుంది. అందుకే లెక్క తప్పనిసరి. ఆ లెక్కలో పొరపాట్లు కూడా తప్పనిసరి. రోజంతా జమాఖర్చులు రాసి గల్లాపెట్టె ఒక్కసారైనా లెక్కపెట్టని కొట్టులో ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. చిన్న చిన్న తేడాలు పేరుకుంటాయి. బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడు, బాగా అడుగంటినప్పుడు, లేదా చాలాసేపు విశ్రాంతిగా ఉన్నప్పుడు వోల్టేజీని చూసి చిప్ తన లెక్కను సరిదిద్దుకుంటుంది. కాబట్టి తెర మూలన కనిపించే 63 శాతం అన్న అంకె కొలత కాదు, అంచనా. మంచి అంచనాయే, కానీ అంచనాయే.

ఈ అంచనా కంప్యూటరుకు చేరే దారి 1990లలో ఏర్పడింది. ఇంటెల్, డ్యూరాసెల్ కంపెనీలు కలిసి స్మార్ట్ బ్యాటరీ ప్రమాణాన్ని రూపొందించాయి. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని తెచ్చాయి. దాంతో ఏ కంపెనీ యంత్రంలోనైనా ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే పద్ధతిలో బ్యాటరీని ప్రశ్నించగలిగింది.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకో అడుగు వేసి, ఆ జవాబులను మామూలు ఫైళ్ళుగా మన ముందు పరిచింది. సిస్ అనే డైరెక్టరీలో క్లాస్, అందులో పవర్ సప్లై, అందులో బ్యాట్ జీరో (కొన్ని యంత్రాల్లో బ్యాట్ వన్). అక్కడ కెపాసిటీ అనే ఫైలులో శాతం, ఎనర్జీ నౌ అనే ఫైలులో ప్రస్తుతం ఉన్న శక్తి, ఎనర్జీ ఫుల్ ఫైలులో ఇప్పుడు నిండితే పట్టే శక్తి, ఎనర్జీ ఫుల్ డిజైన్ ఫైలులో ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు పట్టాల్సిన శక్తి ఉంటాయి. లెక్క మైక్రోవాట్ అవర్లలో. 50 వాట్ అవర్ల బ్యాటరీ నిండుగా ఉంటే 5 కోట్లు అన్న అంకె కనిపిస్తుంది. చదవడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు. ఫైలులో ఉన్నదాన్ని తెర మీద చూపించే క్యాట్ కమాండ్ చాలు. ఎడిసన్ ఖాతాదారుకు అందనిది మనకు ఇలా అందింది. నా దృష్టిలో ఈ కథలో పెద్ద మలుపు ఇదే.

ఇక ఆ విలువలను దాచుకోవాలి. డేట్ కమాండ్‌తో సమయాన్ని సెకన్లలో తీసుకుని, పక్కనే ఎనర్జీ నౌ విలువ పెట్టి, ఒక ఫైలు చివర చేర్చే చిన్న కమాండ్ రాస్తే సరి. ఇక్కడ ఫైలుకు పంపే బాణం గుర్తు (>) రెండుసార్లు పడాలి. ఒక్కటే పడితే పాత లెక్కంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఐదు నిమిషాలకోసారి దాన్ని నడపమని, వేళకు కమాండ్లు నడిపే క్రాన్‌కు అప్పగిస్తే రోజుకు 288 వరసలకు మించవు. ఏడాదంతా రాసినా ఫైలు కొన్ని మెగాబైట్లే.

గీయడానికి గ్నూప్లాట్ ఉంది. 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. కాలంతో మారే విలువలను గీతగా చూపించే పద్ధతిని విలియమ్ ప్లేఫెయిర్ తన అట్లాసులో ప్రచారంలోకి తెచ్చింది 1786లో, సరిగ్గా 200 ఏళ్ళ ముందు. గ్నూప్లాట్‌కు అడ్డగీత కాలమని చెప్పాలి, సమయం సెకన్లలో ఉందని చెప్పాలి. టెర్మినల్‌ను ‘డంబ్’ అని మారిస్తే కిటికీ కూడా తెరవకుండా, ఉత్త అక్షరాలతో అక్కడికక్కడే గ్రాఫ్ గీస్తుంది. ఒక జాగ్రత్త తీసుకోవాలి. ల్యాప్‌టాప్ నిద్రపోయినప్పుడు క్రాన్ నడవదు. ఆ ఖాళీకి రెండువైపులా ఉన్న బిందువులను గ్నూప్లాట్ తిన్నగా కలిపేసి జరగని సంగతిని జరిగినట్టు చూపిస్తుంది. ఫైలులో ఆ చోట ఒక ఖాళీ వరస పెడితే గీత తెగుతుంది. తెగిన గీతే నిజం.

వచ్చిన గ్రాఫ్ ఎన్నో సంగతులు చెబుతుంది. ఛార్జింగ్ గీత మొదట దాదాపు తిన్నగా ఎక్కి, పైభాగంలో వంగి నెమ్మదిస్తుంది. మొదటి దశలో ఛార్జర్ ఒకే కరెంటు పంపి, సెల్ 4.2 వోల్టులకు చేరువైనాక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి కరెంటు తగ్గిస్తూ పోవడమే ఆ వంపుకు కారణం. దిగే గీత వాలు మన పనిని బట్టి మారుతుంది. 30 శాతం దగ్గర బాగానే ఉన్న గీత ఒక్కసారిగా 5కు కూలిందంటే, చిప్ అంచనా తప్పిందో, ఒక సెల్ నీరసించిందో అనుకోవాలి. గ్రాఫ్ లేకుండా ఆ క్షణంలో కనిపించే శాతం ఒక్కటే చూస్తే ఇది తెలియదు. ఎనర్జీ ఫుల్ విలువను కూడా నెలల తరబడి రాసుకుని గీస్తే బ్యాటరీ వయసు కనిపిస్తుంది. వేడి, ఎప్పుడూ నిండా ఛార్జ్‌లో ఉంచడం సెల్స్‌ను త్వరగా ముసలివి చేస్తాయి. కొన్ని యంత్రాల్లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపమని చెప్పే ఫైలు కూడా అదే డైరెక్టరీలో ఉంటుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊళ్ళోనో పాత ల్యాప్‌టాప్ కొంటున్నారనుకోండి. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ తీసుకెళ్ళి ఎనర్జీ ఫుల్‌ను డిజైన్ విలువతో పోల్చి చూడండి. కొన్ని యంత్రాల్లో ఎనర్జీ బదులు ఛార్జ్ అన్న పేరుంటుంది, పోలిక మాత్రం అదే. ఆ అంకె ఒక్కటీ నమ్మి డబ్బు ఇవ్వకండి. ఛార్జర్ తీసి అరగంట నడిపించి, నిమిషానికో వరస రాయించి, గీత ఎలా దిగుతోందో చూశాకే బేరం మాట్లాడండి.