పులిహోర డబ్బా, బ్రూక్లిన్ వంతెన

అమెరికా వచ్చి పదిహేడేళ్లయింది. ఎడిసన్‌లో ఉంటాం కాబట్టి న్యూయార్క్ మాకు పక్కూరి లెక్క. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎక్కడం అయిదుసార్లు, లిబర్టీ విగ్రహం నాలుగుసార్లు. అత్తయ్యా మావయ్యలతో ఒకసారి, అమ్మానాన్నలతో ఒకసారి, ఆడపడుచు కుటుంబంతో, మావారి స్నేహితులతో... ఎవరొచ్చినా నా పని ఒకటే. తెల్లవారుజామున లేచి పులిహోర కలపడం, అత్తయ్య మోకాళ్ల మాత్రలూ పిల్లల స్వెట్టర్లూ సర్దడం, ఎక్కడికెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కోవడం. మరి ఊరు చూశానా అంటే, ఏమో!

ఈ ఏప్రిల్‌లో ఒక శనివారం ఇల్లు ఖాళీ అయింది. అమ్మాయి కాలేజీలో ఉంది, అబ్బాయి స్కూలు బ్యాండుతో రెండు రోజులు ఊరెళ్లాడు. "మనిద్దరమే న్యూయార్క్ వెళ్దామా? ఏం చూద్దామో నువ్వే చెప్పు" అన్నారు మావారు.

అక్కడే ఆగిపోయాను. వచ్చినవాళ్లకి ఏం చూపించాలో అడగండి, గంటసేపు చెప్తాను. నాకేం చూడాలని ఉందో అడిగితే ఒక్కటీ తోచలేదు. చివరికి "ఊరికే నడుద్దామండీ, టికెట్ లేనివి చూద్దాం" అన్నా. ఆ రెండో ముక్క మావారికి తెగ నచ్చింది.

ఆయనది భీమవరం. పదిహేడేళ్లయినా బుర్రలో ఇంకా రూపాయలే తిరుగుతుంటాయి. పెన్ స్టేషన్లో దిగి రెండు కాఫీలూ ఒక బేగలూ తీసుకుంటే 18 డాలర్లు. "పదిహేను వందల పైనే! భీమవరంలో ఇంటిల్లిపాదీ టిఫిన్ చేసొస్తాం" అన్నారు. సబ్‌వే టికెట్ 2026 జనవరి నుంచి 3 డాలర్లయిందని గేటు దగ్గర ఇంకోసారి నిట్టూర్చారు. నవ్వకండి, మీ ఇంట్లోనూ ఒకరుంటారు.

ముందు స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కాం. ఎవరైనా చుట్టాలొస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. 1997 దాకా 50 సెంట్లు ఉండేది, అప్పట్నుంచీ పూర్తిగా ఉచితం. రాత్రీ పగలూ నడుస్తుంది, ప్రయాణం 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడితే లిబర్టీ విగ్రహం చక్కగా కనిపిస్తుంది. టెర్మినల్ బయట ఎవరో ఒకరు మెడలో కార్డు వేసుకుని "బోటు టికెట్లు" అంటూ వెంటపడతారు. మావారు పర్సు తీయబోతే చెయ్యి పట్టుకు లాక్కొచ్చాను. అవతలి ఒడ్డున అందరూ దిగి మళ్లీ ఎక్కాల్సిందే, కూర్చుని ఉండనివ్వరు.

(బాత్రూముల గురించి కూడా చెప్పాలి, ఇది ఆడవాళ్లం చదువుకునే పత్రిక కదా. ఫెర్రీ టెర్మినల్లో ఉన్నాయి. ఊరి మధ్యలో అయితే బ్రయంట్ పార్కుకి వెళ్లండి. అక్కడి బాత్రూములో తాజా పూలు పెడతారు!)

అక్కణ్ణుంచి బ్రాడ్‌వే మీదుగా నడిచాం. ఇత్తడి రంగు ఎద్దు బొమ్మ దగ్గర ఫొటోల కోసం తిరుపతి క్యూ అంత ఉంది. దణ్ణం పెట్టి ముందుకెళ్లిపోయాం. సిటీ హాల్ ఎదురుగా బ్రూక్లిన్ వంతెన మొదలవుతుంది. కారులో ఎన్నోసార్లు దాటాను కానీ కాలు పెట్టడం అదే మొదటిసారి. మైలుకు పైగా నడక. జనం, ఈదురుగాలి, కిందనుంచి కార్ల హోరు.

రాతి గోపురం మీద ఒక కంచు ఫలకం ఉంది. మావారు ఫొటో తీస్తుంటే నేను చదివాను. ఎమిలీ వారెన్ రోబ్లింగ్, 1843-1903. ఈవిడ పేరు ఎప్పుడో విన్నదే. ఇంటర్నెట్లో మళ్లీ వెతికి ఆ గాలిలోనే నిలబడి చదివాను.

వంతెన గీసింది ఎమిలీ మామగారు జాన్ రోబ్లింగ్. పని మొదలుకాకముందే కాలికి దెబ్బ తగిలి, ధనుర్వాతంతో 1869లో పోయారు. బాధ్యత కొడుకు వాషింగ్టన్ మీద పడింది. నది అడుగుకి దించిన పెద్ద చెక్కపెట్టెల్లోకి గాలి గట్టిగా ఎక్కించి, అందులో మనుషులు దిగి పునాదులు తవ్వేవారు. త్వరగా పైకొచ్చేస్తే రక్తంలో గాలిబుడగలు కట్టి మనిషి మెలితిరిగిపోతాడు. వాషింగ్టనూ అలాగే మంచాన పడ్డాడు. ఇంటి కిటికీలోంచి దుర్భిణీతో వంతెన చూస్తుండేవాడు. ఇక రోజూ వంతెన దగ్గరకెళ్లి ఇంజినీర్లకి పని చెప్పింది ఎమిలీయే. ఒకటీ రెండూ కాదు, పదేళ్ల పైన. అందుకోసం తీగల లెక్కలూ, లోహాల బలమూ కూర్చుని నేర్చుకుంది. 1883లో, అందరికీ తెరవకముందే, గుర్రబ్బండిలో ముందుగా వంతెన దాటిందీ ఆవిడే. ఒళ్లో విజయానికి గుర్తుగా ఒక కోడిపుంజు!

ఫలకం మీద ఆవిడ నమ్మకం, ధైర్యం, త్యాగం అన్నీ రాశారు. నేర్చుకున్న లెక్కల మాట మాత్రం లేదు.

"ఏం లెక్కలంటావ్?" అన్నారు మావారు.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్. 2009లో ఏడాదిన్నర పిల్లని ఎత్తుకుని హెచ్-4 మీద వచ్చాను. హెచ్-4 వాళ్లలో కొందరు పని చేసుకోవచ్చని 2015లో రూలు వచ్చేసరికి అబ్బాయికి రెండేళ్లు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ ఉండిపోయాను. ఎవరి మీదా నెపం పెట్టను, నన్నెవరూ ఆపలేదు కూడా. అడగలేదంతే.

"దండెం చూడండి, తన బరువుకి తనే వేలాడితే ఒక వంపు వస్తుంది, దాన్ని కేటనరీ అంటారు. కానీ ఈ తీగలకి కింద రోడ్డంతా వేలాడుతోంది కదా. ఆ బరువు పొడుగునా సమానంగా పడితే వంపు మారి పారాబోలా అవుతుంది. మీరు తెలుగు మీడియంలో పరావలయం అని చదువుకోలేదూ? అదే" అన్నాను. చున్నీ రెండు కొసలూ పట్టుకుని చూపించాను కూడా. పక్కన సెల్ఫీలు దిగుతున్న పిల్లలు వింతగా చూశారు. మావారు తీగలకేసి, నాకేసి చూసి, "ఇంకోసారి చెప్పు" అన్నారు. ఇంకోసారి చెప్పాను. సమీకరణం కూడా గుర్తుంది!

అవతల దిగేసరికి ఆకలి. ఏ హోటల్లో అడిగినా గంట ఆగాలన్నారు. అప్పుడు సంచిలోంచి డబ్బా తీశాను. "వద్దన్నాను కదా ఈ రోజైనా!" అన్నారాయన. అన్నారు గానీ రెండుసార్లు పెట్టించుకున్నారు. బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కులో నీళ్ల ఒడ్డున, ఎదురుగా మాన్‌హట్టన్ మొత్తం పరుచుకుని ఉంటే, ఇంగువ వాసనతో భోజనం. తిన్నాక నేనే వెళ్లి రెండు ఐస్‌క్రీములు కొన్నాను. ధర ఎంతని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

తిరుగు రైల్లో కాళ్లు పీకేస్తున్నాయి. కళ్లు మూసుకుంటే మావారు మోచేత్తో పొడిచారు.

"అవునూ, ఆ కోడిపుంజుని తర్వాత ఏం చేశారంటావ్?"

"మీ భీమవరం అనుకున్నారా, సంక్రాంతికి బరిలో దింపడానికి?" అన్నాను. ఎడిసన్ వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.